గోడకు వేలాడిన చంకకర్ర

మిల్ ఫోర్క్, ఇండియానా
1888 అక్టోబరు 9

ఒరే ఓబద్యా,

నువ్వు క్షేమమని తలుస్తాను. కాన్సస్‌లో గాలి జాస్తి అంటారు, టోపీ జాగ్రత్త. ఇక్కడ మొక్కజొన్న కోత సగం అయింది. ఆ సగం కోసింది నేను కాదు, మా ఆవిడ తిర్సా. నా ఎడమకాలి సంగతి రాద్దామనే కాగితం తీశాను.

పింఛను పెంచమని వేసవిలో అర్జీ పెట్టాను. చికమాగా యుద్ధంలో మోకాలి కింద దూరిన తూటా పాతికేళ్లుగా అక్కడే కాపురం ఉంది. ఈ ఏడు పుండు మళ్లీ తెరుచుకుంది. ఎముక పెంకులు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. డాక్టరు పీబాడీ వాటిని సీసాలో దాస్తున్నాడు, ఎందుకో నేనడగలేదు. అర్జీ చూసిన పింఛను కచేరీ వాళ్లు ఒక విచారణాధికారిని పంపారు. పేరు ఫెల్ప్స్. సన్నగా శుభ్రంగా ఉంటాడు, గట్టిగా మాట్లాడడు. సంచీ నిండా ఖాళీ కాగితాలు.

నా ఖర్మ, ఆయన దిగింది ఆదివారం. ఎవరితోనూ ఏమీ చెప్పకుండా వచ్చి గుడిలో ఆఖరి బల్ల మీద కూర్చున్నాడు.

రెండేళ్ల క్రితం తోపులో గుడారం వేసి జరిపిన ప్రార్థన కూటాల్లో నువ్వు నా కాలి మీద చెయ్యి వేసి, లేచి నడువు అన్నావు. నేను చంకకర్ర విసిరేసి పన్నెండు అడుగులు వేశాను. ఆ కర్ర ఇప్పటికీ గుడి గోడకు వేలాడుతోంది, కింద పలక మీద 'ఆసా పెటిబోన్ నడిచెను, 1886 ఆగస్టు 22' అని అక్షరాలు. దాని పక్కన కెతూరా ముసలమ్మ కళ్లజోడు, క్రాబ్ గారి ఆంత్రవృద్ధి పట్టీ, నాలుగు మందు సీసాలు. అప్పట్నుంచీ నాకు రెండు ఎడమకాళ్లు. ఒకటి ఆదివారంది, ఒకటి వారానిది. వారం కాలితో పారకర్ర పట్టుకుని ఈడ్చుకుంటూ తిరుగుతాను. ఆదివారం కాలికి తవుడు కాపడం పెట్టి, కింద తోలుపట్టీ బిగించి, పళ్లు బిగబట్టి గుమ్మం నుంచి మూడో బల్ల దాకా నిటారుగా నడుస్తాను. కుంటితే జనం ముందు కర్ర వంక చూస్తారు, తరవాత నా వంక చూస్తారు, తరవాత నా విశ్వాసం కోసం ఏడుస్తారు. ఆ ఏడుపు కంటే ఈ నొప్పి నయం.

ఫెల్ప్స్ గారు ఆ నడక చూశాడు. కర్ర చూశాడు. పలక మీది అక్షరాలు రాసుకున్నాడు.

సోమవారం నుంచి ఇరుగుపొరుగు వాళ్ల వాంగ్మూలాలు. లైమన్ క్రాబ్ సంఘ పెద్ద కదా, బైబిలు మీద చెయ్యి వేసి, ఆసా కాలు నా కంచరగాడిద కాలి కంటే గట్టిదన్నాడట. కెతూరా ముసలమ్మ, అతను జింకలా గంతులు వేయడం నా కళ్లారా చూశానంది. కళ్లజోడు గోడకుంది కాబట్టి ఆమె ఏది చూసి ఏమనుకుందో నేను చెప్పలేను. సాయంత్రం అందరూ కలిసి మా ఇంటికి గుమ్మడికాయ రొట్టె కాల్చి పట్టుకొచ్చారు. నీ తరపున గట్టిగా సాక్ష్యం చెప్పాం ఆసా, ఇక నీ పింఛనుకి ఢోకా లేదు, అన్నారు. నేను థాంక్స్ చెప్పి రొట్టె తిన్నాను. ఇంకేం చెయ్యను.

ఇప్పుడు నాకు కావలసింది ఒక్కటే. పన్నెండో అడుగు తరవాత ఏం జరిగిందో తెలిసినవాడివి నువ్వొక్కడివే. గుడారం వెనక్కి నేనెలా వెళ్లానో, ఎవరు తీసుకెళ్లారో రాసి, నోటరీ ముందు ప్రమాణం చేసి పంపు. అక్కడ నీతో ఒక మాటన్నాను, అదీ గుర్తుండే ఉంటుంది. అది రాయక్కర్లేదు.

నీ స్నేహితుడు,
ఆసా


బెతెల్ క్రీక్, కాన్సస్
1888 నవంబరు 2

ప్రభువునందు ప్రియ సహోదరుడైన ఆసాకు ఓబద్యా స్ట్రౌడ్ వందనములు.

నీ ఉత్తరం చదివి నేను రెండు రోజులు జీను కుట్టలేదు. కోపంతోనే కుట్టలేదు, నిజమే చెబుతున్నాను.

నీ పేరుగలవాడు యూదాలో ఒక రాజున్నాడు. పాదాలకు జబ్బు చేస్తే ప్రభువును అడక్కుండా వైద్యుల దగ్గరికి పోయాడు. ఆ తరవాతి వచనంలోనే చచ్చాడు. రెండో దినవృత్తాంతాలు, పదహారో అధ్యాయం. తీసి చదువు. పీబాడీ సీసాలో నీ ఎముకలున్నాయని సంతోషంగా రాస్తున్నావు. నీ ఎముకలు ఎవరి దగ్గరుండాలిరా? యెహెజ్కేలు లోయలో ఎండిన ఎముకలను లేపినవాడి దగ్గర ఉండాలి.

కచేరీ వాళ్ల గురించి నువ్వు చెప్పక్కర్లేదు. మనల్ని యుద్ధానికి పిలిచినప్పుడు వీడు నిజంగా బతికే ఉన్నాడని ఇద్దరు సాక్షులను తెమ్మని ఎవరూ అడగలేదు. కాలు చూపించు, చెయ్యి చూపించు, పళ్లు చూపించు, పద అన్నారు. ఇప్పుడు ఆ కాలు చూపిస్తే నీదేనని రుజువేంటి అంటున్నారు. ఫరో కూడా ఇటుకలు అడిగాడు గానీ, ఇటుకలు మోసిన వీపు ఎవరిదని అడగలేదు.

అయితే నీ మాటకి నా జవాబు వినుకో. నేను చూసింది పన్నెండు అడుగులు. మూడు వందల మంది చూశారు. పదమూడోది నా లెక్కలో లేదు. గుడారం వెనక జరిగింది గుడారం వెనకే ఉండనీ. అననీయా సప్పీరాలు పొలం అమ్మి కొంత దాచుకున్నారు, నువ్వు స్వస్థత తీసుకుని కొంత వెనక్కి ఇచ్చేస్తానంటున్నావు. ఏది పెద్ద తప్పో నువ్వే ఆలోచించు.

ఇంకో సంగతి. ఇక్కడ నలభై బల్లల ప్రార్థన మందిరం లేస్తోంది. అది ఎవరి మీద లేస్తోందనుకున్నావు? నీ మీద. 'మిల్ ఫోర్క్ కుంటివాడు' అని నేనొక కరపత్రం అచ్చు వేయించాను, మీద చంకకర్ర బొమ్మతో. మూడు జిల్లాల్లో ఆ కథే చెప్పమంటున్నారు. ఏప్రిల్‌లో టొపీకా మహాకూటాల్లో మాట్లాడమని పిలుపొచ్చింది. జీనులు కుట్టుకునేవాణ్ణి, బడి ముఖం చూడనివాణ్ణి, చదువుకున్న పాస్టర్ల పక్కన నిలబెడుతున్నారు. ఇప్పుడు నేను నోటరీ ముందు కూర్చుని ఆ కుంటివాడు ఇంకా కుంటివాడేనని రాయాలా?

మూడు రోజులు ఉపవాసం ఉండు. కాలి మీద కాదు, వాగ్దానం మీద నిలబడు. పారకర్ర అవతల పారేయ్.

నీ సహోదరుడు,
ఓబద్యా


మిల్ ఫోర్క్
1888 డిసెంబరు 11

ఓబద్యా,

ఉపవాసం అన్నావు, దానికి ఇబ్బంది లేదు. మాది దాదాపు మొదలైంది.

కచేరీ నుంచి కాగితం వచ్చింది. పెంపు లేదు సరికదా, ఉన్నదీ పోయింది. 'వైకల్యం తొలగినందున పింఛను నిలిపివేయడమైనది' అని రాశారు. వాళ్ల చేతిరాత చాలా అందంగా ఉంది. ఇరవై రెండేళ్లుగా మూణ్ణెల్లకోసారి వచ్చే ఆ నాలుగు రాళ్లతోనే నా పొలం నిలిచిందని నీకు తెలుసు. వసంతంలో నాగలి పట్టకపోతే మేమిద్దరం జిల్లా పేదల ఇంటికి పోవాలి. అక్కడి సూపరింటెండెంటు మంచివాడట, మొగుడూ పెళ్లాలను వేర్వేరు గదుల్లో పెట్టేటప్పుడు క్షమాపణ అడుగుతాడట.

ఈ కాగితం సంగతి ఎలాగో తెలిసి క్రాబ్ గుడిలో ప్రత్యేక స్తుతి ఆరాధన పెట్టించాడు. అపహాస్యం చేస్తున్నానని అనుకోకు, నిజంగానే పెట్టించాడు. ఇంతకాలం మనమే అన్నాం, ఇప్పుడు ప్రభుత్వమే ముద్ర వేసి ఒప్పుకుంది, ఆసా కాలు బాగుపడిందని, అన్నాడు. అందరూ లేచి పాడారు. నన్నూ లేపారు. ఆ కాగితం చట్రం కట్టించి కర్ర పక్కన తగిలిద్దామని అడిగాడు. నేను ఇవ్వలేదు. నా విశ్వాసం చల్లారిందని కెతూరా ముసలమ్మ తిర్సాతో అందట. తిర్సా ఆమెకి ఏం జవాబిచ్చిందో రాయను, నువ్వు బోధకుడివి.

వచనాలు నీకే కాదు, నాకూ తెలుసు. దావీదు రాజు బల్ల దగ్గర మెఫీబోషెతు అనే కుంటివాడు రోజూ భోంచేసేవాడు. రాజు వాణ్ణి, నీకింకా రెండు కాళ్లూ కుంటివేనా, ఎవరైనా సాక్ష్యం చెప్పారా అని అడిగినట్టు నేను చదవలేదు. వాడి మీద లేనిపోనివి చెప్పి భూమి లాక్కోబోయినవాడు ఒకడున్నాడు, సీబా. వాడు బయటివాడు కాదు, ఇంటివాడే.

ఇక నీ సంగతి. చికమాగాలో నీ పక్కనే ఫిరంగి పేలి నీ కుడిచెవి పోయింది. దానికి నువ్వూ నాలాగే పింఛను తీసుకుంటున్నావు. నా కాలు దొరికిన ప్రభువుకి నీ చెవి దొరకలేదా? అది ఇంకా చిన్నది కదా, చెయ్యి వేయడం తేలిక. నీ మందిరం గోడకు నీ చెవిగొట్టం ఎందుకు వేలాడదో నాకు చెప్పు.

ఇంకొకటి అడుగుతాను, జవాబిచ్చినా ఇవ్వకపోయినా నీ ఇష్టం. కూటాలు అయిన మూడు వారాలకి నీ దుకాణం నుంచి నాకొక పొట్లం వచ్చింది. మోకాలికి చుట్టుకునే తోలుపట్టీ, రెండు ఇత్తడి బకిళ్లు, లోపల గొర్రెతోలు. ఉత్తరం ముక్క లేదు. బాగుపడిన కాలికి తోలుపట్టీ ఎందుకు కుట్టావురా?

ఆసా


బెతెల్ క్రీక్
1889 జనవరి 15

ప్రియ సహోదరుడా,

నీ ఉత్తరం అందింది. కొన్నిటికి జవాబు లేదు, కొన్నిటికి ఉంది. ఉన్నవి రాస్తున్నాను.

పట్టీ చలి కోసం పంపాను. ఇండియానాలో చలి ఎక్కువ. సెప్టెంబరులోనే ఎందుకు కుట్టానంటే, చలి రాకముందే కుట్టాలి కాబట్టి.

నా చెవి సంగతి నాకూ ప్రభువుకీ మధ్య ఉన్న విషయం. పౌలుకి ఒంట్లో ముల్లు ఉండిపోలేదా? మూడుసార్లు అడిగినా తియ్యలేదు. ఊళ్లో వాళ్ల చాడీలు సగమే వినపడాలని నాకు ఆ చెవి మూసి ఉంచాడనుకో.

ఈ ఉత్తరంలో ఐదు డాలర్లు పెట్టాను. ఆదివారం కానుకల్లోంచి తీసినవి కావు, రెండు కళ్లేలు అమ్మినవి. పిండి కొనుక్కోండి. ఇంకో మార్గం ఆలోచించాను. 'సహోదరుడు పెటిబోన్ దేవుని చిత్తప్రకారం నడిచెను, దేవుని చిత్తప్రకారం అప్పుడప్పుడు నడవలేకుండెను' అని ప్రమాణం రాసిస్తాను. ఇందులో అబద్ధం లేదు. దీంతో కచేరీ వాళ్లు సరిపెట్టుకుంటే అందరికీ బాగుంటుంది. టొపీకా కూటాలు ఏప్రిల్ పద్నాలుగున. అవి అయ్యాక ఇంకాస్త వివరంగా రాయొచ్చు. అంతవరకు ఓర్చుకో.

మందిరానికి పైకప్పు వేస్తున్నారు. నాలుగు వైపుల నుంచీ సుత్తి మోతలే. దుకాణంలో కూర్చున్నా తప్పడం లేదు.

ఓబద్యా


మిల్ ఫోర్క్
1889 ఫిబ్రవరి 20

ఒరే ఓబద్యా,

ఐదు డాలర్లకి పిండి, ఉప్పు, కొంచెం కాఫీ కొన్నాం. తిరిగి పంపేంత పౌరుషం ఉంది గానీ, తిర్సా దాన్ని ముందే వండేసింది.

నీ 'అప్పుడప్పుడు' ప్రమాణం నాకొద్దు. నాకు ఇంకా తేలికైన దారి దొరికింది. డాక్టరు పీబాడీ అంటాడూ, ఏడాది పాటు మంచం దిగకపోతే ఈ కాలు నిలుస్తుందని. పింఛను ఉంటే మంచం మీద ఉండొచ్చు. లేదు కాబట్టి ఏప్రిల్‌లో నాగలి వెనక నడవాలి, నడిస్తే కాలు కుళ్లుతుంది, కుళ్లితే ఎటూ కొయ్యాలి. అప్పుడు నాకొక ఆలోచన తట్టింది. ఎటూ పోయే కాలిని ముందే పంపేస్తే పోలా?

ఎందుకంటే, చూడు, కాలుంటేనే కదా ఇంత విచారణ. అది బాగుందా, లేదా, ఏ రోజు బాగుంది, ఏ బల్ల దాకా బాగుంది. మోకాలి పైకి కోసేశామనుకో, కచేరీలో దానికెంత పింఛనో ముందే అచ్చేసి ఉంది. సాక్షులు అక్కర్లేదు, సంఘం అక్కర్లేదు, నువ్వూ అక్కర్లేదు. లేని కాలు బాగుపడిందని క్రాబ్ కూడా అనలేడు. పైగా ప్రభుత్వం ఐదేళ్లకోసారి కొత్త చెక్కకాలు ఇస్తుంది. దాని మీద ఆదివారం ఒక రకంగా, సోమవారం ఇంకో రకంగా నడవక్కర్లేదు.

మార్చి 21, గురువారం పొద్దున్నే అని పీబాడీతో ఖాయం చేసుకున్నాను. మొదట వద్దన్నాడు. బతికి బట్టకట్టేది సగం మందే అన్నాడు. చికమాగాలో అంతకంటే తక్కువ మంది కదా డాక్టరూ, అన్నాను. చివరికి ఒప్పుకున్నాడు.

నువ్వు నొచ్చుకోకు. టొపీకాలో బాగా మాట్లాడు.

ఆసా

అన్నగారూ, ఇది తిర్సాని. ఆయన బావి దగ్గరికెళ్లాడు, ఉత్తరం ఇంకా అంటించలేదు. పైన రాసినదంతా నవ్వుతూ రాశాడు. రాసేటప్పుడు ఆ కాలిని ఒళ్లో పెట్టుకుని ఒక చేత్తో నిమురుతూనే ఉన్నాడు. ఆ రోజు తోపులో నేను బండిలో కూర్చుని ఉన్నాను. ఆయన్ని ఎవరు మోసుకొచ్చి పడుకోబెట్టారో నా రెండు కళ్లతో చూశాను. ఫెల్ప్స్ గారితో చెప్పబోతే, అమ్మా, భార్య మాట చెల్లదు అన్నాడు. ఎవరి మాట చెల్లుతుందో వాళ్లు మాట్లాడటం లేదు. మీరు మా ఆయన్ని ఒకసారి యుద్ధంలో మోశారు, ఒకసారి తోపులో మోశారు. మూడోసారి కాగితం మోస్తే చాలు.


బెతెల్ క్రీక్
1889 మార్చి 11

ఆసా, తిర్సమ్మా,

కాలు కొయ్యొద్దు. ముందు అది రాసి తరవాత మిగతాది రాస్తున్నాను. కాలు కొయ్యొద్దు. దీంతోపాటు ప్రమాణ పత్రం పంపుతున్నాను, ఇంకో ప్రతి కచేరీకి వెళ్లింది. నకలు కింద రాస్తున్నాను, మీరూ చదవాలి.

"నేను, ఓబద్యా స్ట్రౌడ్, వయసు నలభై తొమ్మిది, జీనులు కుట్టి బతికేవాణ్ణి, ప్రమాణపూర్వకంగా చెప్పేది. 1886 ఆగస్టు 22న ఆసా పెటిబోన్ పన్నెండు అడుగులు వేశాడు. పదమూడో అడుగుకి మోకాలు మడతపడింది. నేను పట్టుకున్నాను. అతను నొప్పితో కేక వేశాడు. ఆ కేక జనానికి కేకలా వినపడకూడదని నేను హల్లెలూయా అని అంతకంటే గట్టిగా అరిచాను. మూడు వందల మంది నాతో అరిచారు. అతన్ని భుజాన వేసుకుని గుడారం వెనక నుంచి బండి దాకా మోశాను. మేజోడు లోపల రక్తం చూశాను. ఈ సంగతి ఎవరితోనూ అనొద్దని, అంటే జనం విశ్వాసం పోతుందని అతనితో చెప్పాను. మూడు వారాల తరవాత ఆ మోకాలికి రెండు బకిళ్ల పట్టీ నా చేత్తో కుట్టి పంపాను. ఆ కాలు బాగుపడలేదని ఆ రోజునే నాకు తెలుసు. అతను ఆదివారాలు నిటారుగా నడిచింది నా పరువు కోసం."

ఇంతవరకు రాసి సంతకం పెట్టబోయాను. నోటరీ, ఇంకేమైనా ఉందా అని అడిగాడు. అందరినీ అడిగే మాటే అది. నేను కలం కింద పెట్టలేకపోయాను. మళ్లీ రాశాను.

"ఇంకా చెప్పేది. చికమాగాలో పోయిన నా కుడిచెవి 1881 అక్టోబరులో బాగుపడింది. దుకాణంలో కళ్లెం కుడుతుండగా వాన మొదలైంది. చప్పుడు రెండు పక్కల నుంచీ వినిపించింది. సూది పడేసి బయటికొచ్చి తడుస్తూ నిలబడ్డాను. ఎవరూ నా మీద చెయ్యి వేయలేదు, ఎవరూ ప్రార్థన చేయలేదు. సాక్ష్యం చెబితే పింఛను పోతుందని ఎవరితోనూ చెప్పలేదు. ఏడేళ్లుగా ఆ చెవికి పింఛను తీసుకుంటున్నాను. ఈ వ్యవహారంలో స్వస్థత పొందినవాడు ఒక్కడే ఉన్నాడు, అది ఆసా పెటిబోన్ కాదు."

నోటరీ రెండుసార్లు చదివి, ఇది ఒక ప్రమాణమా, రెండా అని అడిగాడు. రెంటికీ రుసుము కట్టాను.

నిన్న ఆదివారం దీన్ని మందిరంలో చదివాను. ఇన్నాళ్లూ వాళ్లకి పన్నెండు అడుగులు అమ్ముకున్నాను, పదమూడోది ఊరికే ఇవ్వడం ధర్మం కదా. పదిహేడు బల్లలు ఖాళీ అయ్యాయి. ఒకాయన కరపత్రం వెనక్కి ఇచ్చి తన డబ్బు అడిగాడు, ఇచ్చాను. టొపీకా వాళ్లు ఇవాళే చాలా మర్యాదగా తంతి పంపారు. ఈ ఏడు కార్యక్రమం నిండిపోయిందట.

యాకోబు తెల్లవారే దాకా దేవునితో పెనుగులాడి ఆశీర్వాదం తీసుకున్నాడు. తీసుకుని కుంటుతూ పోయాడు. ఆశీర్వాదం పొందినవాడు కుంటకూడదని నాకెవరు చెప్పారు? నేనే చెప్పుకున్నాను, బాగా వినపడుతుందని. గేహజీ లాగా ప్రవక్తకి తెలియకుండా పరిగెత్తి బహుమానం పట్టుకున్నాను. వాడికి కుష్ఠు అంటింది, నాకు పదిహేడు ఖాళీ బల్లలు. ప్రభువు నా విషయంలో చెయ్యి తేలిగ్గానే వేశాడు.

నన్ను క్షమించు. కాలు కొయ్యొద్దు.

ఓబద్యా


మిల్ ఫోర్క్
1889 మే 26

ఒరే ఓబద్యా,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. మంచం మీదున్నాను, సంతోషంగా ఉన్నాను, రాయడానికి బద్ధకించాను.

నీ ఉత్తరం మార్చి 16, శనివారం వచ్చింది. గురువారానికని పీబాడీ అప్పటికే రంపం నూరించి పెట్టుకున్నాడు. వద్దని చెబితే ఊపిరి పీల్చుకుని, ఎందుకైనా మంచిదని దాన్ని నూనె రాసి గుడ్డలో చుట్టి పెట్టాడు.

మర్నాడు ఆదివారం. తవుడు కాపడం పెట్టలేదు, నీ పట్టీ కట్టలేదు. పారకర్ర పట్టుకుని గుడికి వెళ్లాను. గుమ్మం నుంచి మూడో బల్లకి వెళ్లలేదు, తిన్నగా గోడ దగ్గరికెళ్లి నా చంకకర్ర దించుకున్నాను. క్రాబ్ లేచి, ఆసా, అది ప్రభువు సొత్తు అన్నాడు. నేను, "ప్రభువుకి రెండు కాళ్లూ ఉన్నాయి లైమన్, నాకే ఇది కావాలి" అన్నాను. ఎవరూ ఏడవలేదు. అప్పుడు కెతూరా ముసలమ్మ గోడ పట్టుకుని తడుముకుంటూ వచ్చి తన కళ్లజోడు దించుకుని పెట్టుకుంది. రెండేళ్లలో మొదటిసారి పాట నంబరు సరిగ్గా తీసింది. తల ఎత్తి నా వంక చూసి, ఆసా, నువ్వింత ముసలాడివైపోయావేంట్రా అంది. సాయంత్రానికి మందు సీసాలూ లేవు. బుధవారం నాటికి క్రాబ్ గారి పట్టీ కూడా లేదు. ఎవరు తీసుకెళ్లారో ఎవరూ అడగలేదు, ఆయన మాత్రం ఈమధ్య బస్తాలు ధైర్యంగా ఎత్తుతున్నాడు. ఇప్పుడా గోడ మీద మేకులూ, వాటి కింద సున్నం మాయని మచ్చలూ ఉన్నాయి. నా పలక తిర్సా తెచ్చి రొట్టె కోసుకునే పీట చేసింది.

ఏప్రిల్ నెలాఖరుకి ఫెల్ప్స్ గారు మళ్లీ వచ్చాడు. ఈసారి సోమవారం. కాలు చూశాడు, సీసా చూశాడు. అచ్చయిన కాగితం పదిహేను రోజుల్లో వచ్చింది. పాత పింఛను మళ్లీ ఇస్తారట, ఆపిన నెలలతో సహా. పెంపు విషయం పరిశీలనలో ఉందట. మేం పేదల ఇంటికి పోవడం లేదు. ఈ ఏడు నాగలి పక్కింటివాళ్లకి ఇచ్చాం.

నీ చెవి పింఛను ఆగిందని తెలిసింది. ఏడేళ్లదీ తిరిగి కట్టమన్నారని కూడా విన్నాను. ఇక్కడ మన పాత దళం వాళ్లు ఆరుగురున్నారు. నీ దుకాణం నుంచి ఒక్కొక్కరూ ఒక్కో జీను తెప్పించుకుంటామంటున్నారు. ఇద్దరికి గుర్రాలు లేవు, అయినా తెప్పించుకుంటారట.

ఇక ఒక్క సంగతి ఉంది. అక్టోబరులో మొదటిసారి వచ్చినప్పుడు ఫెల్ప్స్ గారు మా బల్ల దగ్గరే కూర్చుని కాఫీ తాగుతూ అడిగాడు, మీ స్నేహితుడు స్ట్రౌడ్‌కి కుడిచెవి నిజంగా వినపడదా అని. పక్కన ఫిరంగి పేలినా తల తిప్పడండీ, అన్నాను. ఆయన రాసుకున్నాడు.

నాకు అప్పటికే తెలుసురా. నీ భుజం మీద నా తల ఉన్నది కుడివైపు, ఆ చెవి దగ్గరే. మూడు వందల మంది అరుస్తున్నారు. నాకు గొంతు లేదు, ఊపిరితోనే అన్నాను, తిర్సాకి చెప్పకు, భయపడుతుంది అని. నువ్వు తల తిప్పకుండానే, "చెప్పను" అన్నావు.

ఆదివారం కాలు తగిలించుకుని తిరిగేవాణ్ణి, ఇంకొకడి చెవి గురించి ఏమని చెప్పను?

కోతలయ్యాక వచ్చి వెళ్లు. మంచానికి ఏ పక్క కూర్చున్నా సరే, మెల్లగానే మాట్లాడుకుందాం.

ఆసా